నీళ్లు తాగిన ఇంజనుకి తాడు లాగకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. ఆ 61 రోజులూ రుషికొండ, మంగమారిపేట ఒడ్డున ఫైబరు బోట్లు ఇసకలోనే ఉంటాయి, ఇంజన్లు మూలకి చేరతాయి. జూన్ 15 తెల్లారి అందరికీ ఒకటే తొందర. తాడు పట్టుకుని లాగీడమే. బాగున్న ఇంజను కూడా పాడయ్యేది అప్పుడే.

ఎందుకంటే సిలిండర్లోకి నీళ్లు దిగుంటే, పైకొచ్చిన పిస్టను వాటిని నొక్కుతాది. గాలి నలుగుతాది గాని నీళ్లు నలగవు. వంగేది కనెక్టింగ్ రాడ్డే. ఇంజను మొత్తం విప్పాల్సొస్తాది.

అందుకని ముందు కిల్ స్విచ్ లాగీండి, స్పార్క్ ప్లగ్గులు తీసీండి. ఆ కన్నాలు కిందికొచ్చేలా ఇంజన్ని వంచి తాడు మెల్లగా లాగితే నీరు బయటికొచ్చేస్తాది. తర్వాత కన్నాల్లో కాస్త ఇంజనాయిలు పోసి చేత్తో తిప్పండి. తిరగలేదా? బలం చూపించకండి. డీజిలూ ఆయిలూ కలిపి పోసి రెండ్రోజులు నానబెట్టండి.

ఉప్పునీట మునిగితే కథ వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టింది గుర్తుంది కదా, అలాంటప్పుడన్నమాట. ఉప్పూ తేమా గాలీ కలిస్తే తుప్పుకి గంటలు చాలు. వెంటనే మంచినీళ్లతో లోపలా బయటా కడగాల. మేస్త్రి ఆరోజు దొరక్కపోతే ఇంజన్ని మంచినీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచండి. వింతగా ఉంటాది గాని, ఆరబెడితేనే తుప్పు పట్టేస్తాది.

పాత పెట్రోలు నమ్మొద్దు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాలు 20 శాతం దాకా ఉంటాది, అది తేమని పీల్చి అడుగుకి దిగుతాది. ట్యాంకు ఖాళీ చేసి కార్బురేటరు విప్పి జిగురు కడగండి. బైకు కార్బురేటరు విప్పగలిగిన కుర్రోళ్లు ఊరికి నలుగురుంటారు, ఇదీ వాళ్ల చేతిలో పనే. బంద్ రోజులకి భృతి ఇస్తున్నారు, మంచిదే. ఆ రెండు నెలల్లో ఒడ్డునే ఈ పని నేర్పితే ఇంకా మంచిది కదా?

ఫోర్ స్ట్రోకయితే ఆయిలు చూడండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాల. గేరు ఆయిలూ అంతే.

స్టార్ట్ చేసేది నీళ్ల డ్రమ్ములోనే. పక్క కన్నంలోంచి నీళ్లు చిమ్మకపోతే వెంటనే ఆపీండి. పంపులో రబ్బరు రెక్కలు ఎండిపోయుంటాయి, లేదా ఇసక అడ్డుంటాది.

మొదటి రోజు ఒడ్డు కనపడే దూరంలోనే గంటసేపు తిప్పండి. తెడ్లు బోట్లోనే ఉండనీండి.