బెంగళూరు మారుపేర్లు

ఊరి పేరు ఊరిని గుర్తించడానికి ఉపకరిస్తుంది. మారుపేరు అంతటితో ఆగదు. ఆ ఊరిని ఎవరు, ఏ కాలంలో, ఏ కంటితో చూశారో చెబుతుంది. కర్ణాటకలోని మన విద్యార్థులకు సుపరిచితమైన బెంగళూరును తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

మొదటిది 'బెందకాళూరు'. హొయ్సళ వీరబల్లాళుడు వేటలో దారి తప్పితే ఒక అవ్వ ఉడికిన గింజలు పెట్టిందని, అందువల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని కథ. కన్నడంలో 'బెంద' అంటే ఉడికిన, 'కాళు' అంటే గింజలు. కన్నడ 'బే', తెలుగు 'వేగు' ఒకే ధాతువుకు చెందినవి కనుక కథ మనకూ సహజంగానే తోస్తుంది. కాని బేగూరులో దొరికిన క్రీ.శ. 890 ప్రాంతపు వీరగల్లు శాసనంలోనే 'బెంగళూరు' అని ఉంది. వీరబల్లాళుడు రాజ్యానికి వచ్చింది 1173లో. అంటే కథ నుంచి పేరు పుట్టలేదు. పేరు నుంచి కథ పుట్టింది. ఇటువంటి వ్యుత్పత్తిని జననిరుక్తి అంటాము.

తరువాతి పేర్లు ఇంగ్లీషు ద్వారా వచ్చినవి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటంవల్ల కలిగిన చల్లదనం 'పింఛనుదారుల స్వర్గం' అనిపించింది. 1760లో హైదర్ అలీ ప్రారంభించిన లాల్‌బాగ్ వంటి తోటలు 'ఉద్యాన నగరి' అన్న పేరుకు ఆధారమయ్యాయి. ఈ సంస్కృత సమాసం కన్నడ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఒకే రూపంలో చెల్లుతుంది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చాక బలపడిన 'సిలికాన్ వ్యాలీ'ని మాత్రం అనువదించకుండానే వాడుతున్నాము. 2000 తరువాత అమెరికా ఇంగ్లీషులో ఊరి పేరే క్రియగా మారింది. 'బెంగళూర్డ్' అంటే ఉద్యోగం బెంగళూరుకు తరలిపోయి పని పోగొట్టుకోవడం. ఒకరికి ఉపాధిని సూచించే పేరు మరొకరికి నిరుద్యోగాన్ని సూచించింది.

ఈ బిరుదులలో ఊరివాళ్లు తమకు తాము పెట్టుకున్నవి తక్కువ. వారి నోట నిలిచినవి 'పేట', 'దండు' వంటి మాటలు. 1537లో కెంపేగౌడ కట్టించిన కోట లోపల పెరిగినది పేట. 1809లో ఇంగ్లీషు సైన్యం స్థిరపడిన చోటు దండు. రెండింటి పురపాలనా 1949లో ఒకటైనా, కంటోన్మెంటు రైల్వేస్టేషను కన్నడ పేరులో 'దండు' ఇంకా ఉంది. ఈ రెండు మాటలూ తెలుగువే, కన్నడానివీ. 'గంగాగౌరీవిలాసం' అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరిట ప్రచారంలో ఉండటాన్ని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. కన్నడ నేలమీద తెలుగు నిన్న మొన్న వచ్చి చేరినది కాదు.

ప్రకటనలలోని బిరుదులు ఎలాగూ అచ్చులో నిలుస్తాయి. మీ ఇళ్లలో పెద్దలు వీధులకు, చెరువులకు, సంతలకు వాడే పేర్లు అలా నిలవవు. వాటిని పలికిన తీరుననే, పలికినవారి వయస్సు, ప్రాంతం సహా రాసిపెట్టండి. ఊరి అసలు చరిత్రలో కొంత భాగం ఆ మాటలలోనే ఉంటుంది.