ఖాళీ డబ్బా తిరిగొస్తేనే లాభం

ప్యాకింగ్ చెత్తను తగ్గించుకోవడానికి ఆహార కంపెనీల ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. వాడేసిన డబ్బాను కరిగించి కొత్త వస్తువు తయారుచేయడం రీసైక్లింగ్. అదే డబ్బాను కడిగి, మళ్లీ సరుకు నింపి అమ్మడం పునర్వినియోగం. రెండో పద్ధతిలో చెత్త చాలా తగ్గుతుంది. కానీ అది సాగాలంటే డబ్బాతో పాటు అమ్మే తీరు కూడా మారాలి.

ఈ దిశగా పెద్ద కంపెనీలు కలిసి చేసిన ప్రయత్నం ‘లూప్’. అమెరికా సంస్థ టెర్రాసైకిల్ దీన్ని 2019 జనవరిలో దావోస్‌లో ప్రకటించింది. నెస్లే, పెప్సికో, యూనిలీవర్ వంటి సంస్థలు చేయి కలిపాయి. ఆ ఏడాది మే నెలలో పారిస్‌లోనూ, న్యూయార్క్ పరిసరాల్లోనూ అమ్మకాలు మొదలయ్యాయి. అందరి దృష్టినీ ఆకర్షించింది హాగెన్ డాజ్ ఐస్‌క్రీం డబ్బా. అమెరికాలో ఈ బ్రాండ్ అప్పట్లో నెస్లే చేతిలో ఉండేది.

మామూలు ఐస్‌క్రీం డబ్బాను అట్టతో చేస్తారు. తడికి నానకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పూత వేస్తారు. అట్టనూ పూతనూ విడదీయడం కష్టం కాబట్టి చాలాచోట్ల అది రీసైక్లింగ్‌కు వెళ్లదు. దాని స్థానంలో రెండు పొరల గోడలున్న స్టెయిన్‌లెస్ స్టీల్ డబ్బా వచ్చింది. చల్లదనం ఎక్కువసేపు నిలిచేది. కొనేవారు సరుకు ధరతో పాటు డబ్బాకు డిపాజిట్ కట్టేవారు. ఖాళీ అయ్యాక కొరియర్ వచ్చి ఇంటి దగ్గరే తీసుకెళ్లేది. కడిగి, పరీక్షించి, మళ్లీ నింపడానికి డబ్బాలను ఫ్యాక్టరీకి పంపేవారు. డబ్బా వెనక్కి ఇస్తే డిపాజిట్ సొమ్ము తిరిగొచ్చేది.

స్టీల్ డబ్బా తయారీకి అట్ట డబ్బా కంటే ఎంతో ఎక్కువ శక్తి కావాలి. ఒక్కసారి వాడి పారేస్తే పర్యావరణానికి నష్టమే. కడగడానికి ప్రతిసారీ వేడినీళ్లు, శుభ్రపరిచే రసాయనాలు కావాలి. ఖాళీ డబ్బాలను మోయడానికి వాహనాలు తిరగాలి. తయారీ భారాన్ని ఎన్ని ఎక్కువ సార్ల వాడకం మీద పంచితే అంత తగ్గుతుంది. అందుకే అసలు లెక్క ఎన్ని డబ్బాలు తిరిగొస్తున్నాయన్నదే. ప్రతిసారీ 80 శాతం తిరిగొస్తే ఒక డబ్బాకు సగటున 5 వాడకాలే దక్కుతాయి. 90 శాతం వస్తే 10, 95 శాతం వస్తే 20. చివర్లో పెరిగే ఐదు శాతమే ఆయుష్షును రెట్టింపు చేస్తుంది.

బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో 2021 సెప్టెంబరులో 10 దుకాణాల్లో 88 రకాల సరుకులను లూప్ పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టింది. 2022లో ఆ ప్రయోగాన్ని ముగించింది. కొద్ది దుకాణాల్లోనే ఇలాంటి ఏర్పాటు ఉంటే ఇబ్బందులు తప్పవు. ఖాళీ డబ్బా ఇవ్వడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి. తక్కువ డబ్బాల కోసం కడిగే కేంద్రం నడిపితే ఒక్కోదానిపై ఖర్చు పెరుగుతుంది. ఒక్కో బ్రాండుకు ఒక్కో ఆకారం ఉంటే విడివిడిగా ఏరి, ఎవరివి వారికి పంపాలి.

ఈ చిక్కులకు జర్మనీ ఎప్పుడో పరిష్కారం వెతుక్కుంది. అక్కడి మినరల్ వాటర్ కంపెనీల సహకార సంఘం 1969లో గుంటర్ కుపెట్జ్ రూపొందించిన 0.7 లీటర్ల గాజు సీసాను ఉమ్మడిగా తీసుకుంది. సభ్య కంపెనీలు అదే సీసాను పంచుకుంటాయి, లేబుల్ మాత్రమే మారుతుంది. ఖాళీ సీసాను దగ్గర్లో ఉన్న కంపెనీయే కడిగి నింపుకుంటుంది కాబట్టి రవాణా దూరం తగ్గుతుంది. ఒక్కో గాజు సీసాను 50 సార్ల దాకా నింపవచ్చు. డిపాజిట్ 15 సెంట్లు. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకు, డబ్బాలకు మాత్రం 25 సెంట్లు.

తెలుగు ఊళ్లలోనూ ఇదే సూత్రం పనిచేస్తోంది. ఖాళీ ఇచ్చి నిండుది తీసుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్లు, షాపులకు క్రేట్లలో వచ్చే కూల్‌డ్రింక్ గాజు సీసాలు అలాంటివే. సరుకు తెచ్చే బండే ఖాళీలనూ తీసుకెళ్తుంది కాబట్టి వాపసుకు విడిగా ప్రయాణం అక్కర్లేదు.

రీసైక్లింగ్‌కూ పునర్వినియోగానికీ ఉన్న తేడాను భారత ప్రభుత్వం కూడా గుర్తించింది. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022 ఫిబ్రవరిలో చేసిన సవరణ గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు పునర్వినియోగ లక్ష్యాలు పెట్టింది. 2025-26కు 4.9 లీటర్లు, ఆపై పరిమాణానికి 70 శాతం, 0.9 నుంచి 4.9 లీటర్ల లోపు వాటికి 10 శాతమే. పెద్ద క్యాన్లకు వాపసు దారి ఇప్పటికే ఉంది. చిన్న సీసాలకు, డబ్బాలకు అలాంటి దారి వేయాలంటే కంపెనీలు ఒకే ఆకారానికి ఒప్పుకోవాలి, ఏ దుకాణమైనా ఖాళీలు తీసుకోవాలి, తిరిగి ఇచ్చేందుకు కొన్నవారికి డిపాజిట్ రూపంలో తగిన కారణం ఉండాలి.