పూల్ లైట్ ఆరిపోయిందా? కొత్తది కొనకముందు ఇది చూడండి

పాతబస్తీ దాటి పహాడీ షరీఫ్ వైపు పోతే రోజు కిరాయికి ఇచ్చే ఫామ్‌హౌస్‌లు ఉంటాయి కదా, స్విమ్మింగ్ పూల్ ఉన్నవి. అట్లాంటి చోట పని చేసే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, నీళ్ళలో ఉన్న ఎల్ఈడీ లైట్ ఆరిపోయింది. స్విచ్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి డైరెక్ట్ ఇస్తా అంటున్నడు, ఇయ్యమనాలా?"

వద్దు తమ్మీ. ముందు మెయిన్ ఆఫ్ చెయ్, పిల్లల్ని నీళ్ళలోకి దించకు. తర్వాత వీడియో చూడు.

ఫేజ్‌లో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొస్తుందా లేదా అని ఆర్‌సీసీబీ చూస్తది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే పడిపోతది. అంతకంటే తక్కువ కరెంటుకే మనిషి కండరాలు బిగుసుకుపోతాయి. ఈత వచ్చినోడు కూడా మునిగిపోతడు. అంటే అది పడిపోవడం రిపేర్ కాదు, ఖబర్!

ఆ ఖబర్‌లోనే మన డబ్బు కూడా మిగులుతది. ఎట్లనో చెప్తా. పూల్ లైట్ నడవాల్సింది 12 వోల్టుల మీద. మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల వైపును, 12 వోల్టుల వైపును పూర్తిగా వేరు చేస్తది. అందుకే లైట్ లోపల నీళ్ళు చేరినా ఇవతల ఆర్‌సీసీబీకి తెలియదు. అది పడిపోతుందంటే తప్పు ఎక్కువగా గట్టు మీదే ఉంటది: ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, దానికి వచ్చే వైర్‌లోనో. వానకు తడిసిన డబ్బా అయితే ఇంకా అనుమానించాలి. లైట్ వెనక లేబుల్ మాత్రం తప్పకుండా చదవండి. 230 వోల్టులు అని ఉంటే రిపేర్ ముచ్చట వదిలేయండి, ఆ లైటే తీసేయాలి.

ఇప్పుడు చెకింగ్. మెయిన్ ఆఫ్‌లోనే ఉండాలి. గోడలో ఉన్న గూట్లో వైర్ చుట్ట పెట్టి ఉంటది. స్క్రూ విప్పితే లైట్ గట్టు మీదకే వస్తది, పూల్ ఖాళీ చేయక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దాని రెండు వైర్లు విప్పి బైక్ బ్యాటరీకి పెట్టండి. మామూలు తెల్ల లైట్ అయితే చాలావరకు వెలుగుతది, కొంచెం మసకగా వెలిగినా ఫర్వాలేదు. కొన్ని సెకన్లే పెట్టండి. దాన్ని చల్లబరిచేది పూల్ నీళ్ళే, బయట ఉంటే కాలిపోతది.

వెలిగిందా? లైట్ బాగున్నట్టే. కోఠీ ట్రూప్ బజార్‌కి పోయి "ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, 12 వోల్ట్ ఏసీ" అని అడగండి. 18 వాట్ల లైట్లు రెండుంటే 36 అవుతది, 60 వీఏది తీసుకోండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చవకగా ఇస్తా అంటే వద్దనండి, అందులో రెండు వైపులూ కలిసే ఉంటాయి. దాన్ని పూల్ అంచుకు కనీసం 3.5 మీటర్ల దూరంలో, వాన తగలని చోట పెట్టించండి. 230 వోల్టుల వైపు కనెక్షన్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే. ఆ కూలి దగ్గర బేరం చేయకండి.

వెలగకపోతే లైట్ విప్పి చూడాలి. రెసిన్ పోసి మూసేసిన రకమైతే తెరవలేం, మార్చుడే. రబ్బర్ గ్యాస్కెట్ ఉన్న రకమైతే చాన్స్ ఉంది. ఆన్‌లో లోపలి గాలి వేడెక్కుతది, ఆఫ్ చేయగానే చల్లబడి కుంచించుకుపోయి పగుళ్ళలోంచి నీళ్ళను లాగుతది. బోర్డ్ మీద పచ్చటి చిలుము కనిపిస్తే కారణం అదే. ఆరబెట్టి, కాలిన డ్రైవర్ లాంటివి ఉంటే గుజరాతీ గల్లీలో అడిగి మార్చండి. పాత గ్యాస్కెట్ మళ్ళీ వేయకండి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ క్యూర్ అని అడగండి, వెనిగర్ వాసన వచ్చేది రాగిని తినేస్తది.

మూసినాక బకెట్ నీళ్ళలో ముంచి, అదే బ్యాటరీతో గంటసేపు వెలిగించి ఆఫ్ చేయండి. రాత్రంతా అట్లనే ఉంచండి. పొద్దున అద్దం లోపల ఆవిరి కనిపిస్తే మళ్ళీ విప్పాల్సిందే. ఆవిరి లేకపోతే గూట్లో బిగించండి. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి, అది టక్‌మని పడిపోయినాకే పిల్లల్ని పిలవండి.