నాలుగు స్క్రూలు, ఒక టేపు, ఒక మల్టీమీటర్

వాడిన విడిభాగాలతో బేస్ గిటార్, యాంప్ కట్టుకోవాలనుకునేవారికి కొన్ని అవసరమైన లెక్కలు

బేస్ గిటార్‌ను బోర్లించి చూడండి. నెక్, బాడీ కలిసే చోట చిన్న లోహపు పలక, దానికి 4 స్క్రూలు కనిపిస్తాయి. పాత బేస్‌ల క్రయవిక్రయాలు చాలావరకు ఆ నాలుగు స్క్రూల పుణ్యమే. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఆలోచన మాత్రం అచ్చమైన మెకానిక్‌ది: ఏ భాగం పాడైతే ఆ భాగాన్ని ఊడదీసి మరొకటి బిగించగలగాలి. అందుకే నెక్‌ను జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించాడు. ఒక బేస్ నెక్ ఈనాటికీ మరో బేస్ బాడీకి ఎక్కుతోందంటే కారణం ఆ నిర్ణయమే.

అయితే ఎక్కడం వేరు, శ్రుతిలో పలకడం వేరు. బ్రాండు పేరూ రంగూ చూసి కొన్న భాగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయన్న హామీ లేదు. ఆ హామీ కొలతల్లోనే దొరుకుతుంది.

863.6 మి.మీ.

నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి మీది సాడిల్ దాకా తీగ మోగే పొడవును స్కేల్ అంటారు. ప్రెసిషన్ బేస్‌కూ, 1960లో వచ్చిన జాజ్ బేస్‌కూ అది 34 అంగుళాలు, అంటే 863.6 మి.మీ. ఫ్రెట్ల స్థానాలన్నీ ఈ పొడవులోంచే పుడతాయి. దీన్ని 17.817తో భాగిస్తే నట్ నుంచి మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది: దాదాపు 48.5 మి.మీ. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి రెండోదాని దూరం. ఇలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా సగానికి, 431.8 మి.మీ. దగ్గరికి చేరతాం. అక్కడ తీగ అదే స్వరాన్ని పైస్థాయిలో పలుకుతుంది.

కాబట్టి విడి నెక్ కొనేటప్పుడు టేపు పెట్టాల్సింది నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా. 431.8 వస్తే 34 అంగుళాల నెక్. 381 వస్తే అది 30 అంగుళాల షార్ట్ స్కేల్‌ది. 34 అంగుళాల బాడీకి దాన్ని బిగిస్తే పై ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ స్వరం తప్పుతూనే ఉంటుంది. బిగించాక రెండో పరీక్ష: నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు ఎంత దూరమో, అక్కడి నుంచి సాడిల్‌కూ అంతే ఉండాలి. లావు తీగకు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కావాలి. సాడిల్ స్క్రూ అంతమేర జరుగుతుందో లేదో ముందే చూసుకోవాలి.

63.5 మి.మీ., 0.3 మి.మీ.

ఫెండర్ కొలతల ప్రకారం బేస్ నెక్ మడమ వెడల్పు 2.5 అంగుళాలు, అంటే 63.5 మి.మీ. బాడీలో అది కూర్చునే గాడి కూడా అంతే. నట్ దగ్గర జాజ్ నెక్ 38.1 మి.మీ. ఉంటే, ప్రెసిషన్ నెక్ ఇప్పుడు ఎక్కువగా 41.3 ఉంటుంది. కానీ మడమ ఒకటే కాబట్టి ప్రెసిషన్ బాడీకి జాజ్ నెక్ హాయిగా ఎక్కుతుంది. సన్నని నెక్ కావాలనుకునేవాళ్లు చాలాకాలంగా చేస్తున్న మార్పు ఇదే. ఫెండర్ కొలతలు పాటించని కంపెనీల భాగాలైతే గాడినీ మడమనూ విడివిడిగా కొలిచాకే డబ్బులివ్వాలి.

నాలుగు తీగల లాగుడు మొత్తం కలిపితే సుమారు 75 నుంచి 80 కిలోలు. ఆ బరువును ఎదుర్కొనేది నెక్ లోపలి ట్రస్ రాడ్. సరిగ్గా సర్దిన నెక్‌లో మధ్య ఫ్రెట్ల దగ్గర తీగకు అడుగున ఉండాల్సిన వంపు 0.3 మి.మీ. అటూ ఇటూ. ట్రస్ రాడ్‌ను బిగించే మర తిరగకపోయినా, అప్పటికే చివరిదాకా బిగిసి ఉన్నా ఆ నెక్ ఎంత చవకైనా వద్దు. మిగతా ఏ భాగం పోయినా మార్చుకోవచ్చు. మెలితిరిగిన నెక్ మాత్రం పెట్టిన డబ్బంతా మింగేస్తుంది.

10 కిలో ఓంలు

ఇక్కడి నుంచి మల్టీమీటర్ పని. 1957 నుంచి ప్రెసిషన్ బేస్ పికప్ రెండు ముక్కలుగా ఉంటోంది. ఒక్కో ముక్కలో సుమారు 0.06 మి.మీ. మందం గల రాగితీగను వేల చుట్లు చుడతారు. తలవెంట్రుకంత సన్నం! రెండూ వరసగా కలిసి 10, 11 కిలో ఓంలు చూపాలి. జాజ్ పికప్ ఒక్కోటి 7, 8 చూపుతుంది. మీటర్ అనంతం చూపితే లోపల తీగ తెగినట్టే. రెండు ముక్కల్ని విడివిడిగా కొలిస్తే ఏది చచ్చిందో తెలుస్తుంది, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

వాల్యూమ్, టోన్ పొటెన్షియోమీటర్ల విలువ 250 కిలో ఓంలు. 200 నుంచి 300 మధ్య ఏది చూపినా కంగారు పడక్కర్లేదు. టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్. ఇలాంటి చిల్లర భాగాల కోసం హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే సరిపోతుంది.

137

పాత పొటెన్షియోమీటర్ వీపు మీద అంకెల ముద్ర ఉంటుంది. 1376625 అని ఉందనుకోండి: 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 25 అంటే ఆ ఏడాది 25వ వారం. 304తో మొదలైతే స్టాక్‌పోల్ కంపెనీ. "1964 నాటి అసలు వైరింగు" అని అమ్మేవారు చెప్పే బేస్‌లో ఈ ముద్ర కనిపిస్తే ఆ మాట నిలవదు. అయితే ఈ అంకె ఒకవైపే సాక్ష్యం చెబుతుంది. వైరింగు అంతకంటే పాతది కాదని చెప్పగలదు, అదే ఏడాదిదని చెప్పలేదు. ఫెండర్ 1966లో పెద్దమొత్తంలో కొన్న పొటెన్షియోమీటర్లను తర్వాత ఏళ్ల తరబడి వాడింది.

8 ఓంలు

ఇక యాంప్, స్పీకర్ల సంగతి. స్పీకర్ వెనక 8 ఓంలు అని రాసి ఉంటే మీటర్‌లో 6, 7 చూపడం మామూలే. రెండు 8 ఓంల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓంలు, మూడింటిని కలిపితే 2.67. కనీసం 4 ఓంలు అని రాసిన ట్రాన్సిస్టర్ యాంప్‌కు ఆ మూడోది తగిలిస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. వాల్వ్ యాంప్‌ను స్పీకర్ తగిలించకుండా మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు.

వాట్ల మోజులో పడకండి. 100 వాట్లు 200 అయితే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు, అంటే పది రెట్ల శక్తి కావాలి. సున్నితత్వం (ఒక వాట్‌కు మోగే శబ్దం) 97 డెసిబెళ్లు ఉన్న స్పీకర్ తీసి 100 డెసిబెళ్లది పెడితే, యాంప్ మార్చకుండానే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం దక్కుతుంది.

230 వోల్టులు, 450 వోల్టులు

అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంప్ 120 వోల్టులది కావచ్చు. మన గోడలో వచ్చేది 230. వెనక 100-240 అని లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యాంప్ మీద రాసిన విద్యుత్ వినియోగానికి ఒకటిన్నర రెట్ల సామర్థ్యం గలది తీసుకోండి.

ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఒకటుంది. వాల్వ్ యాంప్ లోపలి కెపాసిటర్లలో 450 వోల్టులు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ కూడా ఉండవచ్చు. ప్లగ్ పీకినా అది అక్కడే నిల్వ ఉండవచ్చు, ప్రాణం తీయగలదు. ఆ పెట్టె తెరవడం అనుభవమున్న మెకానిక్ పని. దయచేసి అక్కడ ప్రయోగాలు చేయకండి.

25,000, 18,000, 17,000

ఇప్పుడు ధర. ఉదాహరణకు బాడీ 6,000, నెక్ 9,000, పికప్ 3,000, బ్రిడ్జి, ట్యూనర్లు 4,000, వైరింగు 1,000, తీగలు 2,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 25,000. అదే స్థాయి వాడిన బేస్ 18,000కు దొరుకుతుందనుకోండి. పికప్ చచ్చిన బేస్ 12,000కు వస్తే, పికప్, తీగలు కలిపి 17,000లో పని పూర్తవుతుంది. ఇవి ఉదాహరణకు వేసుకున్న ధరలు. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ కూడి చూడండి. నేను నమ్మే సూత్రం ఇది: డబ్బు మిగలాలంటే, నెక్ బాగుండి ఒకే ఒక్క లోపమున్న నిండు వాద్యాన్ని కొనాలి. విడిభాగాలతో కట్టుకోవడం మనకు కావలసిన నాదం కోసం.

విడిభాగాల వాద్యం కోట్లు పలికిన సందర్భమూ ఉంది. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో కొన్ని పాత స్ట్రాటోకాస్టర్ గిటార్లు కొన్నాడు. కొన్ని మిత్రులకు ఇచ్చేసి, మూడింటి భాగాలతో ఒకటి కట్టుకున్నాడు. "బ్లాకీ" అని పేరుపడ్డ ఆ గిటార్ 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకు అమ్ముడుపోయింది. అది మూడు గిటార్ల కలబోత అన్న సంగతి ఎవరూ దాచలేదు.

మనం అమ్మేటప్పుడు నేర్చుకోవాల్సింది అదే. నట్ నుంచి 12వ ఫ్రెట్ దూరం, పికప్ ఓంలు, పొటెన్షియోమీటర్ ముద్ర, ఏ భాగం ఎప్పుడు మార్చారో, ట్రస్ రాడ్ ఎంతవరకు తిరుగుతోందో ఒక కాగితం మీద రాసి కేసులో పెట్టండి. రేపు ఆ నాలుగు స్క్రూలు విప్పే కొత్త చేతులకు కొలతలు మళ్లీ మొదటి నుంచి వెతుక్కునే పని ఉండదు.