తుపాకి గొట్టంలో పేరుకునే మసి

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్ పేరు వింటే నేడు మనకు యుద్ధనౌకలు గుర్తుకు వస్తాయి. 1857లో మాత్రం అక్కడ రాజ్యం పోగొట్టుకున్న ఒక నవాబు ఉండేవాడు. అవధ్‌ను ఈస్టిండియా కంపెనీ 1856లో కలిపేసుకున్నాక వాజిద్ అలీ షా ఇక్కడి మటియాబుర్జ్‌లో స్థిరపడ్డాడు. 1857 జూన్‌లో కంపెనీ వారు ఆయనను నిర్బంధించి ఫోర్ట్ విలియం కోటలో ఉంచారు. అప్పటికే ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డారు. వారిలో చాలామంది అవధ్ ప్రాంతం వారే. తిరుగుబాటుకు కారణాలు అనేకం ఉన్నా, నిప్పు రాజేసింది మాత్రం కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త. అది ఆ ఏడాది జనవరిలో కోల్‌కతా శివారు దమ్‌దమ్‌లోనే పుట్టింది. అసలు తూటాకు కొవ్వు ఎందుకు? గొట్టంలో పేరుకునే మసి వల్ల!

ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. మందునూ గుండునూ గొట్టం మూతి నుంచే దట్టించాలి. ఆనాటి తుపాకిమందులో సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం ఉండేవి. ఇది కాలినప్పుడు సగానికి పైగా బరువు వాయువుగా మారదు. పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్, కాలని బొగ్గు ఘనరూపంలో మిగిలిపోతాయి. కొంత పొగతో బయటికి పోతుంది, తక్కినది గాడుల్లో గట్టిగా అంటుకుంటుంది. కొన్ని గుళ్ళు పేల్చేసరికి తర్వాతి గుండు లోపలికి దిగదు. ఆ మడ్డిని మెత్తబరచి గుండు జారేలా చేయడానికే కొవ్వు.

ఈ మడ్డిలో అధిక భాగం లవణాలే కదా. కాబట్టి దానికి విరుగుడు నూనె కాదు, నీళ్ళు. సబ్బునీళ్ళతో కడిగితే చాలావరకు కరిగిపోతుంది. తడి తగలగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. సల్ఫైడు నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడే అది. కడగకుండా వదిలేస్తే పొటాషియం కార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఉక్కు తుప్పు పడుతుంది. బెంగాల్ వానాకాలంలో ఇందుకు ఒక్క రాత్రి చాలు.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ నైట్రో సెల్యులోజ్‌తో పొగరాని మందు తయారుచేశాడు. (నేటి గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థకు మూలమైన చిన్న వర్క్‌షాపు కూడా ఆ ఏడాదే మొదలైంది.) కొత్త మందు దాదాపు పూర్తిగా వాయువుగా మారుతుంది. ఇక శుభ్రం చేయనక్కరలేదనుకుంటే పొరపాటే. తూటా అడుగున మందును రగిలించే ప్రైమర్‌లో అప్పట్లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టంలో మిగిలేది. మన వంటింటి ఉప్పుకు ఇది దగ్గరి చుట్టం! నూనె ఉప్పును కరిగించలేదు. అందుకే .303 రైఫిలు వాడిన సైనికులు గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్ళు పోసేవారు. కంటికి కనిపించే నలుపును తుడిచి, కనిపించని ఉప్పును వదిలేసినవారి తుపాకులే ముందుగా పాడయ్యేవి. తర్వాత వచ్చిన ప్రైమర్లలో ఆ లవణం లేదు గాని, చాలావాటిలో సీసపు సమ్మేళనం చేరింది.

నేటి తుపాకుల్లో మిగిలే అసలు సమస్య కార్బనే. నైట్రో సెల్యులోజ్‌లో ఉన్న ఆక్సిజన్ దానిలోని కార్బన్ మొత్తాన్ని కార్బన్ డయాక్సైడుగా మార్చడానికి చాలదు. చాలా భాగం కార్బన్ మోనాక్సైడుగా పోతుంది, కొద్ది భాగం మసిగా దిగుతుంది. మందు పలుకులకు పూసే గ్రాఫైట్ పొడి కూడా దీనికి తోడవుతుంది. ఒక్క గుండు మిగిల్చేది అతి తక్కువ. కాని తర్వాతి గుండు వేడి, ఒత్తిడి ఆ పొరను అణగదొక్కి గట్టిపరుస్తాయి. దానిపై మరో పొర చేరుతుంది. వాయుపీడనంతో పనిచేసే ఇన్సాస్ వంటి రైఫిళ్ళలో ఇది పిస్టన్ మీదా, వాయువు వచ్చే రంధ్రం చుట్టూ పేరుకుంటుంది. మితిమీరితే రైఫిలు సరిగ్గా అవసరమైన క్షణంలో మొరాయిస్తుంది.

కార్బన్‌ను కరిగించే ద్రావణి ఉందా? నిజానికి లేదు. అందులోని పరమాణువులు బలమైన సంయోజక బంధాలతో అల్లుకుని ఉంటాయి. నీళ్ళు, కిరోసిన్, సాధారణ ఆమ్లాలు వాటిని విడదీయలేవు. కాల్చివేద్దామంటే ఉక్కు పదును పోతుంది. అయితే మసి రేణువులను ఒకదానితో ఒకటి, లోహంతోనూ అతికించే తారువంటి పదార్థాలు కర్బన ద్రావణుల్లో మెత్తబడతాయి. ‘కార్బన్ క్లీనర్’ అని అమ్మే ద్రవాలు చేసే పని ఇదే. కనుక పూసి కొంతసేపు ఆగాలి, తర్వాతే రుద్దాలి. బ్రష్షు కంచుది కావాలి, ఎందుకంటే కంచు ఉక్కు కంటే మెత్తన, మసి కంటే గట్టి. చాకుతో గీకితే పడే గీతల్లోకి మసి మరింత గట్టిగా దిగుతుంది. వీలైన తుపాకుల్లో కడ్డీని వెనుక నుంచి మూతి వైపుకు తోయాలి. మూతి అంచు అరిగితే గుండు గురి తప్పుతుంది.

మసి కింద కొన్నిసార్లు రాగి ఉంటుంది. అది గుండు తొడుగు నుంచి రాలినది. దీనికి అమ్మోనియా కలిసిన ద్రవం వాడతారు. కాపర్ సల్ఫేటుకు అమ్మోనియా కలిపితే వచ్చే ముదురు నీలిరంగును మీరు ప్రయోగశాలలో చూసే ఉంటారు. గొట్టంలోంచి తీసిన పేలిక మీద కనిపించే రంగు అదే. ఇక్కడ కంచు బ్రష్షు వాడితే బ్రష్షులోని రాగే నీలిరంగునిచ్చి మోసగిస్తుంది. అందుకే నైలాన్ బ్రష్షు తీసుకుంటారు.

స్వతంత్ర భారతంలో కట్టిన తొలి యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. అజయ్ 1961లో గార్డెన్ రీచ్ నుంచే వచ్చింది. అక్కడే నిర్మించిన ఐ.ఎన్.ఎస్. కమోర్తా 2014 ఆగస్టులో మన విశాఖపట్నంలో నౌకాదళంలో చేరింది. దాని ముందుభాగాన ఉన్న 76 మిల్లీమీటర్ల ఫిరంగి గొట్టం పొడవు వ్యాసానికి 62 రెట్లు, అంటే సుమారు 4.7 మీటర్లు. సూత్రం రైఫిలుదే, సైజే వేరు. అయితే ఇక్కడ ఉప్పు లోపలి నుంచి కాక సముద్రపు గాలి నుంచి వస్తుంది. మసి పొర కింద ఆ తేమ చిక్కుకుంటే తుప్పు కంటపడకుండా పెరుగుతుంది. అందుకే మసి తీశాక గొట్టాన్ని పొడిగా తుడిచి పలుచగా నూనె పూస్తారు. పేల్చే ముందు ఆ నూనెనూ తుడిచేస్తారు.

ఈ పని శిక్షణ పొందినవారిది. తుపాకి ఖాళీగా ఉందని చూసుకున్నాకే వారు మొదలుపెడతారు. మసిలో సీసం ఉండవచ్చు గనుక చేతి తొడుగులు వేసుకుంటారు, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే అన్నం ముట్టరు.