చీటీ సొమ్మునకు పూచీ యెవ్వరు?

ఇంటి ఖర్చులు పోగా మిగిలిన నాలుగు రూపాయలు ఎచ్చట దాచవలయునన్న ప్రశ్న వచ్చినప్పుడు, మనలో పెక్కుమందికి మొదట తోచునది బ్యాంకు కాదు, తపాలా కచ్చేరి కాదు, ప్రక్కింటివారి చీటీ. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొని పోయి కూర్చుండవచ్చును. సంతకములు లేవు, దస్తావేజులు లేవు. అక్కఱ పడినచో పాట పాడి సొమ్ము తెచ్చుకొనవచ్చును. మేమును ఆఱేండ్లు ఇట్టి చీటీలు కట్టినవారమే. మూడు చీటీలు సుఖముగా ముగిసినవి. నాలుగవది ముగియలేదు. చెప్పుకొనుటకు సిగ్గుపడి యిన్నాళ్లు ఊరకుంటిమి గాని, మా వీథిలోనే మరల రెండు కొత్త చీటీలు మొదలగుట చూచి యిది వ్రాయుచున్నాము.

చీటీ యనగా నేమో మనకు తెలియుననియే యనుకొందుము; కూర్చుండి లెక్క వేసినవారు తక్కువ. మాది ఇరువదిమంది చీటీ. నెలకు 5,000 రూపాయలు, మొత్తము లక్ష. ఆఱవ నెలలో ఒకామె కూతురి పెండ్లికని 20,000 తగ్గించి పాడి, 80,000 తీసికొనెను. ఆ 20,000 లో చీటీ నడుపునామె తన కమీషను 5,000 పట్టుకొనగా, తక్కిన 15,000 ఇరువదిమందికి పంచినప్పుడు తలకు 750 వచ్చెను. ఆ నెల మేము కట్టినది 4,250 మాత్రమే. ఎంత లాభమని మురిసిపోతిమి! ఆ 750 ఎక్కడినుండి వచ్చినదో యోచింపలేదు. అది ఆ పెండ్లివారు తమ యప్పునకు ఇచ్చుకొన్న వడ్డీ. ముందుగా చీటీ యెత్తినవారు అప్పు గొన్నవారు. చివరిదాక ఆగినవారు అప్పిచ్చినవారు. మేము పొదుపు చేయుచున్నామనుకొంటిమి. నిజమునకు పందొమ్మిదిమందికి, వారందఱికంటె ముఖ్యముగా చీటీ నడుపునామెకు, పత్రము లేకుండ అప్పిచ్చుచుంటిమి.

చిన్ననాడు మా తండ్రిగారు ధర్మశాస్త్రము చెప్పుచు, మనువు పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము అని వల్లె వేయించిరి. అప్పిచ్చుట, దాచనిచ్చుట: తగవులన్నిటిలో ముందు వీనినే చెప్పిరి. పాఠము నేటికిని కంఠస్థమే. నెలనెలా ఐదువేలు చేతిలో పెట్టివచ్చునప్పుడు మాత్రము గుర్తు రాలేదు.

పదుమూడవ నెల పాటకు పోగా తలుపునకు తాళము వేసియున్నది. పుట్టింటికి పోయిరని ఒకరు, తీర్థమునకని మఱియొకరు అనిరి. పదిదినములకు గాని సంగతి తెలియలేదు. అప్పటికి మేము కట్టినది 52 వేలు. పెద్దపిల్ల ఇంటరు చదువునకు కూర్చిన సొమ్మది. పైగా మా వారికి చెప్పక, కాలేజీ ఫీజు నాడు ఒక్కసారిగా చేతికిచ్చి ఆశ్చర్యపఱతమని కట్టితిమి. చెప్పినప్పుడు ఆయన కోపింపలేదు. “రసీదున్నదా?” అని మాత్రము అడిగిరి. మాయొద్ద నున్నది మా చేతివ్రాతతో నిండిన పుస్తకము. అందు ఆమె సంతకము ఒక్కటియు లేదు. పోలీసుస్టేషనులోను అదే ప్రశ్న. “వదినగారూ, మన మధ్య కాగితాలెందుకు?” అని ఆమె మొదటినాడు అన్న మాటయే మా దస్తావేజు. పిల్ల ఫీజునకు మా గాజులు తాకట్టుకు పోయినవి.

అటుపిమ్మట తెలిసికొన్న సంగతులు ముందే తెలిసియుండవలసినవి. 1982వ సంవత్సరపు చిట్‌ఫండ్స్ చట్టము ప్రకారము ముందుగా ప్రభుత్వానుమతి పొంది రిజిస్టరు చేయింపక చీటీ నడుపరాదు. నడుపువారు చీటీ మొత్తమునకు తగిన హామీ చూపవలయును. ఒడంబడిక వ్రాతమూలకముగా నుండి, కట్టువారికి దాని నకలు ఈయవలయును. కమీషను నూటికి 5 మించరాదని యుండగా, 2019 సవరణతో 7 వఱకు పెంచిరి. తగవు పుట్టినచో చిట్ల రిజిస్ట్రారునొద్దకు పోవచ్చును. రిజిస్టరైన చీటీలలోను చిక్కులు రాకపోవు. కాని నకలు చేతనున్నవారికి పోయి అడుగుటకొక చోటుండును. మాకు అదియు లేకపోయెను. చీటీలే వలదని మేమనము. అక్కఱకు సొమ్మందించు సౌకర్యము వానియందున్నది. అనుమతి పత్రమును చూపుమని మొగమోటము లేక యడుగుడని మాత్రము మా మనవి. అడిగినందుకు అలుగువారి చీటీ కట్టకున్న నష్టము లేదు.

మేమిప్పుడు తపాలా కచ్చేరిలో నెలకు 1,000 చొప్పున ఐదేండ్ల రికరింగు డిపాజిటు కట్టుచున్నాము. 100 రూపాయలతోనైన మొదలు పెట్టవచ్చును. మేము ఖాతా తెఱచిన 2024 జనవరిలో వడ్డీ నూటికి 6.7, 60,000 కట్టినందుకు చివర 71,366 వచ్చును. వడ్డీరేటును మూడునెలల కొకసారి ప్రభుత్వము సరిచూచును గాని, తెఱచిననాటి రేటే మన ఖాతాకు చివరివఱకు నిలుచును. పండ్రెండు నెలలు కట్టిన పిమ్మట నిలువలో సగము వఱకు అప్పు తీసికొనవచ్చును గనుక, నడుమ జ్వరమో శుభకార్యమో వచ్చినను దిక్కుతోచక పోము. తపాలా సొమ్మునకు ప్రభుత్వమే పూచీ. బ్యాంకులో నైనచో, 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకునందు ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వఱకు భీమా కలదు. అంతకు మించి దాచుకొనగలవారు రెండు బ్యాంకులలో పంచుకొనుట మేలు; మాకా చింత యింకను రాలేదు.

పాసుపుస్తకము బియ్యపు డబ్బాలో దాచు అలవాటు మానివేసితిమి. ఏ ఖాతాలో నెంతయున్నదో, నామినీ యెవ్వరో ఒక కాగితముపై వ్రాసి మా వారి బల్ల సొరుగులో నుంచితిమి. ఆయనయు తమ భీమా పత్రములను తెచ్చి మాకు చూపిరి. పదునెనిమిదేండ్ల కాపురములో అవి మేము చూచుట అదే మొదటిసారి. ఒకదానిలో నామినీగా కీర్తిశేషులైన మా మామగారి పేరే యింకను ఉండెను. మఱునాడే పోయి మార్పించితిమి. గాజులు మొన్న శ్రావణమాసమున విడిపించుకొంటిమి.