ఒక్క ‘తే’కు మూడు ‘ఇఫ్’లు

‘అత్తకు మీసాలుంటే మామ’ అంటాం. అత్తకు మీసాలు లేవని అందరికీ తెలుసు. కాని ఆ సంగతి ‘ఉంటే’ అన్న మాటలో లేదు. ‘జేబులో డబ్బుంటే ఇలా ఇవ్వు’ అన్నప్పుడూ అదే ‘ఉంటే’. మన వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటారు. దీనికి కాలం లేదు, పురుష లేదు, వచనం లేదు. జరిగేదానికీ, జరగనిదానికీ ఒకే రూపం.

ఇంగ్లీషులో అలా కుదరదు. నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునేవాళ్ళు తడబడేది ఇక్కడే. ‘ఇఫ్ పక్కన భూతకాలం వచ్చిందంటే గడిచిపోయిన సంగతే కదా, మాస్టారూ?’ అని అడుగుతారు. అన్నివేళలా కాదు. చాలాచోట్ల ఆ భూతకాలం వెనక్కి జరిపేది రోజుల్ని కాదు, నమ్మకాన్ని.

ఈ మూడు వాక్యాలూ చూడండి.

‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై ఎ సైకిల్.’ డబ్బుంటే సైకిలు కొంటాను. డబ్బు ఉండవచ్చు, కొననూవచ్చు.

‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ సైకిల్.’ డబ్బుంటే కొనేవాణ్ణే. ఇప్పుడు చేతిలో లేదు.

‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఎ సైకిల్.’ అప్పుడు డబ్బుండి ఉంటే కొని ఉండేవాణ్ణి. ఆ వేళ దాటిపోయింది.

మొదటి రెండింటికీ తెలుగులో ‘ఉంటే’ మారలేదు. తేడా అంతా చివరి క్రియ మోసింది. ఇంగ్లీషులో రెండు క్రియలూ కదలాలి. ‘వుడ్’ దగ్గర అనుమానం వస్తే మన ‘కొనేవాణ్ణి’ని తలుచుకోండి. ‘చిన్నప్పుడు రోజూ బఠాణీలు కొనేవాణ్ణి’ అని పాత అలవాటుకూ అదే మాట వాడతాం. చిత్రమేమిటంటే, ‘వుడ్’ను వాళ్ళూ పాత అలవాట్లకు వాడతారు!

మరొకటి. ‘వాన వస్తే’ అన్నప్పుడు మనం భవిష్యత్తు చేర్చం. ఇంగ్లీషులోనూ అంతే: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలి, ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనకూడదు.

ఇదంతా పరీక్ష మార్కుల కోసమే అనుకోకండి. ఒకాయన ఒక దుకాణానికి రాసిన ఉత్తరం దిద్దమని నా దగ్గరకు తెచ్చాడు. బిల్లు పంపితే సొమ్ము కడతానని చెప్పడం ఆయన ఉద్దేశం. రాసింది మాత్రం ‘ఇఫ్ యు హాడ్ సెంట్ ది బిల్, ఐ వుడ్ హావ్ పెయిడ్’ అని. అంటే, ‘మీరు బిల్లు పంపలేదు, నేను కట్టలేదు’ అని! అవతలివాళ్ళ మీద ఒక నింద, తన మీద ఒక ఒప్పుకోలు. రేపు తగాదా వస్తే ఆ కాగితమే ఆయనకు ఎదురు తిరిగేది. ‘ఇఫ్ యు సెండ్ ది బిల్, ఐ విల్ పే’ అని మార్పించాను.

కనుక ‘ఇఫ్’ రాసేముందు మిమ్మల్ని మీరు అడగండి: ఇది జరగవచ్చా, జరిగేది కాదా, జరిగే వేళ దాటిపోయిందా? ఆ జవాబు తేలాకే క్రియ జోలికి వెళ్ళండి.